బోర్డులో కెర్నల్, రూట్ ఫైల్ సిస్టమ్ అప్‌డేట్: ఉన్నచోటే రాయాలా, జంట పార్టిషన్లు పెట్టాలా?

పరకాల, నర్సంపేట వైపు మోటరు స్టార్టర్ డబ్బాల్లో, పత్తి మిల్లుల్లో లినక్స్ బోర్డులు బిగించేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: కెర్నల్‌ను (లినక్స్ గుండెకాయ), రూట్ ఫైల్ సిస్టమ్‌ను (మిగతా ప్రోగ్రాములు, ఫైళ్లు) అప్‌డేట్ చేసేటప్పుడు ఉన్న పార్టిషన్ (స్టోరేజీలో ఒక భాగం) మీదే కొత్తది రాస్తే సరిపోదా, పాతది ఒకదాంట్లో, కొత్తది ఇంకోదాంట్లో ఉండేలా జంట పార్టిషన్లు ఎందుకు?

బోర్డు టేబుల్ మీద ఉండి, సీరియల్ కేబుల్ తగిలించి ఉంటే సరిపోతుంది. తేడా వస్తే కార్డు తీసి మళ్లీ రాసుకోవచ్చు. జంట పార్టిషన్ల బాదరబందీ అక్కడ దండగ.

బోర్డు బాయికాడ ఉంటే మాత్రం ముందు చూడాల్సింది ఒక్కటే: రాస్తుండగా కరెంటు పోతే బూటయ్యేది ఏం మిగులుతుంది? మామూలుగా కెర్నల్ ఫ్యాట్ (ఒక ఫైల్ సిస్టమ్ రకం) పార్టిషన్‌లో, దాని మాడ్యూల్స్ (డ్రైవర్ల లాంటి విడి ముక్కలు) రూట్ పార్టిషన్‌లో ఉంటాయి. రెండూ ఒక్క దెబ్బకు మారవు. కెర్నల్ కొత్తది పడి మాడ్యూల్స్ పాతవే మిగిలితే బోర్డు లేస్తుంది గానీ, 4జీ మోడెమ్ డ్రైవర్ లోడ్ కాదు. డబ్బాలో లైటు వెలుగుతూనే ఉంటుంది, సర్వర్‌కు ఉలుకూ పలుకూ ఉండదు. ఇక బండి వేసుకుని పోవాల్సిందే.

అందుకే దూరాన ఉన్న బోర్డుకు జంట పార్టిషన్లే మేలంటాను. 4 జీబీ ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికిన స్టోరేజీ చిప్) ఉంటే 1 జీబీ చొప్పున రెండు రూట్‌లు, మిగిలిందాంట్లో డేటా. కెర్నల్‌ను, డివైస్ ట్రీని (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కు చెప్పే ఫైలు) ఆయా రూట్‌లోని బూట్ ఫోల్డర్‌లోనే పెట్టండి. అప్పుడు మాడ్యూల్స్‌తో పొంతన చెడదు. నడుస్తున్నదాన్ని ముట్టకుండా రెండోదాంట్లో రాసి, చెక్‌సమ్ (రాసింది చెడలేదని తేల్చే లెక్క) సరిచూసి, ఆఖర్న ఏ రూట్ నుంచి లేవాలో చెప్పే యూ-బూట్ (కెర్నల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్) వేరియబుల్ మార్చాలి. సెట్టింగులు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు డేటాలో లేకపోతే అప్‌డేట్‌తో పాటే పోతాయి.

చాలామంది ఇంతవరకు చేసి ఆగిపోతారు. అసలు పని వెనక్కి మళ్లడంలో ఉంది. యూ-బూట్ ఎన్విరాన్‌మెంట్‌కు (ఆ వేరియబుల్స్ దాచే చోటు) రెండు కాపీలు ఉండాలి. ఒకటే ఉంటే దాన్ని రాసే క్షణంలో కరెంటు పోయినా చిక్కే. బూట్‌లిమిట్ (ఎన్నిసార్లు ప్రయత్నించాలో) 3 పెట్టి, బూట్‌కౌంట్ (బూట్ ప్రయత్నాల లెక్క) అది దాటితే పాత రూట్ ఎత్తుకునేలా ఆల్ట్‌బూట్‌సీఎండీ (అప్పుడు నడిచే కమాండ్) రాయండి. బూట్‌కౌంట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉంటే, అప్‌గ్రేడ్_అవైలబుల్ అనే వేరియబుల్‌ను 1 చేయనిదే లెక్క పెరగదు. కెర్నల్ కమాండ్ లైన్‌లో ప్యానిక్=10 లేకపోతే ప్యానిక్ అయిన (కెర్నల్ కుప్పకూలిన) బోర్డు అక్కడే నిలబడిపోవచ్చు, రీబూట్ కాదు. పూర్తిగా బిగుసుకుపోయే సందర్భానికి యూ-బూట్‌లోనే వాచ్‌డాగ్ (బోర్డు పలకకపోతే రీసెట్ చేసే టైమర్) మొదలుపెట్టాలి.

బూట్‌కౌంట్‌ను సున్నా చేసే స్క్రిప్టు లాగిన్ ప్రాంప్ట్ రాగానే నడవకూడదు. సర్వర్‌తో మాట కలిశాకే నడవాలి. 15 నిమిషాల్లో కలవకపోతే రీబూట్. టవర్ సిగ్నల్ లేక మంచి అప్‌డేట్ ఒక్కోసారి వెనక్కి పోతుంది, పోనీయండి. మర్నాడు మళ్లీ పంపవచ్చు.

స్టోరేజీ 512 ఎంబీ లోపే ఉంటే చిన్న రికవరీ ఇమేజ్ (అప్‌డేట్ రాయడానికే బూటయ్యే చిన్న లినక్స్) దారి ఉంది, కానీ రాసినంతసేపూ బోర్డు పని ఆగుతుంది. ఓఎస్‌ట్రీ (పాత, కొత్త వెర్షన్లు ఉమ్మడి ఫైళ్లను పంచుకునే పద్ధతి) చోటు ఆదా చేస్తుంది, కొత్తవాళ్లకు బరువు. అప్‌డేట్ టూల్స్ అయిన ఆర్‌ఏయూసీ, ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్, మెండర్‌లలో ఏదైనా జంట పార్టిషన్ల పని చేస్తుంది.

ఊరికి పంపే ముందు రాత మొదట్లో, నడిమధ్యలో, వేరియబుల్ మార్చే క్షణంలో పదేసి సార్లు ప్లగ్గు పీకి చూడండి. ఒక్కసారి లేవకపోయినా ఆ బోర్డు గడప దాటకూడదు.