మా సంఘం సలహాల సేవ: రెండుసార్లు వాడాక

రికార్డు గదిలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఒక చేత్తో ఫోన్ లైటు, ఇంకో చేత్తో ఫైలు, కాళ్ల కింద ఊగే నిచ్చెన. వెలుతురు చాలట్లేదని మా ఆఫీసరుగారికి మూడుసార్లు చెప్పాను, "చూద్దాం" అన్నారు. చివరికి ఉద్యోగుల సంఘానికి రాసిచ్చాను. మేమిచ్చే సలహాలను హెడ్డాఫీసుకు పంపే సేవ వాళ్లది.

కార్యదర్శిగారు నా కాగితాన్ని ఉన్నదున్నట్టు పంపేయలేదు. "వెలుతురు చాలట్లేదంటే హెడ్డాఫీసు వాళ్లకు ఏం తెలుస్తుందమ్మా? కొలిచి చూపిద్దాం" అని వెలుతురు కొలిచే లక్స్ మీటరు పట్టుకొచ్చారు. చదవడం, రాయడం, టైపింగ్ చేసే చోట 500 లక్స్ ఉండాలంటుంది యూరోపియన్ ప్రమాణం. నేను రిజిస్టరు రాసే బల్ల మీద 90 కూడా రాలేదు! ఆ అంకె, ఒక ఫొటో, ఎన్ని లైట్లు ఎక్కడ కావాలో, అన్నీ ఒకే పేజీలో సర్దారు. ఉత్తరం సంఘం పేరుతో వెళ్లింది, నా పేరు ఎక్కడా లేదు. నాలాంటి వాళ్లకు అదెంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. తొమ్మిది వారాలకు లైట్లు వచ్చాయి.

ఆ తొమ్మిది వారాల్లో మాత్రం ఒక్క కబురూ లేదు. అడిగితేనే చెప్పారు. షిఫ్టు మారేటప్పుడు పెండింగు పనులు పుస్తకంలో రాసి అప్పగించాలని ఇచ్చిన నా రెండో సలహాను వేరే నాలుగింటితో కలిపేశారు. అందులో అసలు విషయమే పోయింది. పంపేముందు ఒకసారి మాకు చూపించాల్సింది.

ఐదుకు నాలుగు ఇస్తాను. మూడోది రాస్తున్నాను, ఆ నిచ్చెన గురించి.