కోత దగ్గర పడ్డాక ఎర్రనల్లి: మిత్రనల్లి సీసాలు ఎంతవరకు పనిచేశాయి

మొక్కల రసం పీల్చే ఎర్రనల్లిని తినడానికి సీసాల్లో పెట్టి అమ్మే మరో నల్లి ఉంది, అదే మిత్రనల్లి. దాని గురించి అడిగినవాళ్లందరికీ కొన్నేళ్లుగా నేను చెబుతున్న మాట ఒక్కటే: కళ్లు మూసుకుని కొనేయండి. ఇప్పటికీ కొనమనే చెబుతాను. కాకపోతే ఇప్పుడు కళ్లు తెరుచుకుని, క్యాలెండరూ తేమ మీటరూ చూసుకుని కొనమంటాను.

ముందు ఒక సంగతి. నేనుండేది కెనడాలో, అంటారియోలో. ఇక్కడ 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవాళ్లు ఇంట్లో గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. మనిషికి కాదు, ఇంటికి 4. నేను బేస్‌మెంట్‌లో చిన్న టెంటు వేసి పెంచుతున్నాను. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద ఒక్క మొక్క పెంచినా కేసే. అక్కడివాళ్లు దీన్ని మిద్దె మీద వంగకో గులాబీకో అన్వయించుకుని చదవండి. వాటిని పీల్చేదీ ఈ ఎర్రనల్లే.

సీసాలో వచ్చే మిత్రనల్లి పేరు ఫైటోసీలస్ పర్సిమిలిస్.  1958లో చిలీ నుంచి వచ్చిన మొక్కలతో పాటు పొరపాటున జర్మనీ చేరితే, దాని తిండి చూసి శాస్త్రవేత్తలు పెంచడం మొదలుపెట్టారు. దీని గొప్పంతా ఒక్క గుణంలో ఉంది: ఎర్రనల్లి తప్ప ఇంకేమీ తినదు. మొక్కను ముట్టుకోదు, మనిషిని కుట్టదు. తిండి అయిపోతే ఆకలితో చస్తుంది. మొక్క మీద మందు అవశేషం అన్నదే మిగలదు. కోతకు వచ్చిన మొక్క విషయంలో నాకు కావాల్సింది అదొక్కటే.

ఎందుకో చెప్పాలంటే మా నాన్నతో జరిగిన ఫోన్ సంభాషణ చెప్పాలి. ఆయన గుంటూరు జిల్లాలో మిరప వేస్తారు, నల్లి ఆయనకు పాత శత్రువు. ఆకుల మీద తెల్లటి సన్న చుక్కలు కనిపించగానే ఫోన్ చేశాను.

"ఏం పంటరా?"

"వంగ, నాన్నా." ఇంకేం చెప్పమంటారు!

"నీళ్లలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు కొట్టు. తగ్గకపోతే స్పైరోమెసిఫెన్ కొట్టు. కాయ ఎప్పుడు కోస్తావ్?"

"ఓ పదిరోజుల్లో."

"అట్లయితే ముందు కాయ కోసుకో, తర్వాత కొట్టు. మందు కొట్టిన కాయ ఇంట్లోకి తేవద్దు."

ఆయన సలహాలో నాకు పనికొచ్చింది ఆ చివరి మాటే. వంకాయనైతే కడుగుతాం, తరుగుతాం, ఉడికిస్తాం. గంజాయినైతే కాల్చి పొగ పీలుస్తారు. పూత ముదిరాక కొట్టిన గంధకం పోదు, పొగలో గొంతు పట్టుకుంటుంది. వేపనూనె కొడితే ఆ వాసనా చేదూ మొగ్గలోనే ఉండిపోతాయి. అబామెక్టిన్ లాంటివి ఆకు లోపలికి దిగిపోతాయి కాబట్టి కడిగినా లాభం లేదు. తెగుళ్లకు వాడే మైక్లోబ్యూటనిల్ అయితే వేడికి విడిపోయినప్పుడు హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. ఇక్కడ లైసెన్సున్న కంపెనీల సరుకును పురుగుమందుల అవశేషాలకు పరీక్షించాకే అమ్మనిస్తారు. నా నాలుగు మొక్కలకు ల్యాబు నేనే.

ఇంతకీ మిత్రనల్లి మీద నాకు మోజు పుట్టించింది గంజాయి కాదు, మా ఆవిడ కరివేపాకు. ఈ దేశంలో కరివేపాకు కుండీ ఉన్నవాళ్లందరికీ తెలిసిన తంతే: వేసవంతా పెరట్లో ఉంటుంది, సెప్టెంబరు చలికి లోపలికి వస్తుంది, హీటర్ వేశాక ఇంటి గాలి ఎండిపోయి నల్లి పడుతుంది. రెమ్మల మధ్య సన్నటి గూడు అల్లుకుంటుంది, ఆకులు ఇత్తడి రంగుకు తిరిగి రాలిపోతాయి. తాలింపులో వేసుకునే ఆకు కాబట్టి దానికీ మందు కొట్టలేం. మా ఆవిడ రోజూ సింకులో పెట్టి ఆకు అడుగు కడిగేది. వారం తిరిగేసరికి మళ్లీ మామూలే, ఎందుకంటే వెచ్చటి ఇంట్లో గుడ్డు పెద్ద నల్లి కావడానికి ఓ వారం పదిరోజులు చాలు. టెంటు కోసం తెప్పించిన సీసాలోంచి మిత్రనల్లులు కలిపిన పొట్టు చారెడు ఆ కుండీలోనూ చల్లాను.

తర్వాత జరిగింది భూతద్దంతో చూశాను. ఎర్రనల్లి ఆకు ఈనె పక్కన ఒకచోట కూర్చుని పీలుస్తూ ఉంటుంది, వీపు మీద రెండు నల్ల మచ్చలు. మిత్రనల్లిది నారింజ రంగు, బేరిపండు ఆకారం, పొడుగు కాళ్లు. ఒకచోట నిలవదు. ముందు కాళ్లతో తడుముకుంటూ గూడులోకి దూరుతుంది, గుడ్డు తగలగానే ఆగి పట్టుకుంటుంది. ముత్యంలా ఉన్న గుడ్డు కాసేపటికి ముడుచుకుపోయిన తొక్క. మరో గుడ్డు. రోజుకు గుడ్లయితే 20 దాకా, పెద్ద నల్లులైతే ఓ 5 తింటుందట. సీరియల్ మానేసి మా ఆవిడ కూడా భూతద్దం అడిగి తీసుకుంది. ఆ చలికాలం దాటేసరికి కరివేపాకు కొత్త చిగురు వేసింది. అప్పటినుంచే నేను ఊరంతా ప్రచారం మొదలుపెట్టాను.

ఆ ప్రచారంలో నేను చెప్పని సంగతి ఒకటుంది, అప్పటికి నాకు అవసరం పడలేదు కాబట్టి. కరివేపాకు కుండీ ఉన్నది వంటింటి కిటికీలో. పొద్దున ఇడ్లీ ఆవిరి, మధ్యాహ్నం అన్నం గంజి, కుండీ చుట్టూ ఎప్పుడూ తేమే. పర్సిమిలిస్‌కు తేమ కావాలి. గాలిలో తేమ 60 శాతం కంటే తగ్గితే అది పెట్టిన గుడ్లు ఎండిపోతాయి. పెద్దవి తింటూనే ఉంటాయి, తర్వాతి తరం మాత్రం రాదు.

గంజాయికి కావాల్సింది సరిగ్గా దీనికి విరుద్ధం. పూత చివరి వారాల్లో మొగ్గలు బిగుసుకుపోతాయి, లోపల గాలి ఆడదు. తేమ ఎక్కువైతే బోట్రైటిస్ బూజు పట్టి మొగ్గ నడుములోంచి కుళ్లుతుంది. అందుకే టెంట్లో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ పెట్టి తేమను 45 శాతం దగ్గర పట్టి ఉంచుతాను. బూజుకు భయపడి ఎండబెడితే మిత్రనల్లి చస్తుంది, దాని కోసం తేమ పెంచితే పంట కుళ్లుతుంది. కోత దగ్గర పడ్డాక సీసా కొనేవాడు ఈ రెండింటి మధ్య ఇరుక్కుంటాడు. సీసా మీద ఉష్ణోగ్రత సంగతి పెద్ద అక్షరాల్లో వేశారు, తేమ సంగతి మడత కాగితం లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. నా కోపం అంతా దాని మీదే.

పోయిన పంటలో ఆ రోజు వచ్చింది. కోత ఇంకా రెండు వారాలు ఉందనగా ఒక మొక్క కింది ఆకుల మీద చుక్కలు. తిప్పి చూస్తే అడుగంతా నల్లి. ఆర్డర్ పెట్టిన మొదటి సీసా వారాంతం అంతా కొరియర్ గోడౌన్‌లో పడి ఉండి వచ్చింది. తెల్ల కాగితం మీద పొట్టు పోసి చూస్తే ఒక్కటీ కదల్లేదు. అమ్మినవాళ్లు మళ్లీ పంపారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎర్రనల్లికి ఆ నాలుగు రోజులు పండగే. కొరియర్ చార్జీ ఎలాగూ సీసా ఖరీదుతో పోటీ పడుతుంది.

రెండో సీసా బాగానే వచ్చింది. వెడల్పాటి ఆకుల మీద చల్లాను, రెండో రోజుకే గుడ్ల తొక్కలు కనిపించాయి. పెద్దాకుల వరకు పాత ముచ్చటే. మొగ్గల దగ్గరే కథ మారింది. ముదిరిన మొగ్గ చుట్టూ ఉండే ఆకుల మీద ట్రైకోమ్‌లు, అంటే జిగురు బొట్లు మోసే నూగు, దట్టంగా ఉంటాయి. మనం పెంచేదే ఆ జిగురు కోసం. భూతద్దంలో చూస్తే ఒక మిత్రనల్లి వెనక కాళ్లు రెండూ ఆ జిగురులో దిగబడి, ముందు కాళ్లతో గాల్లో ఈదుతోంది. దానికి అంగుళం దూరంలో, మొగ్గ చివర కట్టుకున్న గూడులో ఎర్రనల్లి తాపీగా తిరుగుతోంది. అది తాను అల్లుకున్న దారం పట్టుకుని నడుస్తుంది, జిగురు దాన్నేం చేస్తుంది!

ఈలోగా మిసిసాగాలో ఉన్న స్నేహితుడు ఫోటో పంపాడు. "అన్నా, నువ్వు చెప్పిన నల్లులు నా పెరట్లో తెగ పెరిగాయి, అన్నీ నారింజ రంగే!" పగళ్లు పొట్టివై చలి మొదలైతే ఎర్రనల్లి ఆడవి కూడా నారింజ రంగుకు తిరుగుతాయి. తిండి మానేసి చలికాలం దాక్కోవడానికి సిద్ధమవుతాయి. అతను మురిసిపోయింది శత్రువును చూసి. గుర్తు సులువు: నోటితో వెచ్చగా ఊదితే మిత్రనల్లి పరుగు తీస్తుంది, ఇవి బద్ధకంగా కదులుతాయి. ఆకారం కూడా గుండ్రం.

నా టెంట్లో చివరికి పంటను కాపాడింది ఎక్కువగా కత్తెర. నల్లి పట్టిన పెద్దాకులన్నీ తుంచి సంచిలో కట్టి బయట పారేశాను. గూడు కట్టిన కొమ్మల్ని అనుకున్నదానికంటే ముందే కోసేశాను. ట్రైకోమ్‌లు ఇంకా పూర్తిగా పాలరంగుకు రాలేదు, ఘాటు కాస్త తగ్గింది, పోనీలే. కోసిన కొమ్మల్ని నీళ్లలో కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన బకెట్‌లో ముంచి, తర్వాత రెండు బకెట్ల మంచినీళ్లలో జాడించాను. ఆ జిగురు నీటికి కరగదు, కాబట్టి భయం లేదు. మొదటి బకెట్ అడుగున పేరుకున్న మడ్డి చూశాక కడగకుండా ఆరబెట్టడం నావల్ల కాదు. కడిగాక మాత్రం ఫ్యాను గాలికి త్వరగా తడి ఆర్చాలి, లేదంటే తప్పించుకున్న బూజు మళ్లీ వస్తుంది. ఎండటానికి వేలాడదీసిన కొమ్మల్లో మిగిలిన నల్లులు చివరలకు పాకి గుంపు కట్టాయి. ఆ చివరలు కత్తిరించేశాను.

అయితే మిత్రనల్లి దండగా అంటే, కాదు. పక్క మూడు మొక్కలకు నల్లి పాకకుండా ఆపింది అదేనని నా నమ్మకం. పెద్దాకుల మీదే ఎర్రనల్లుల్ని తినేసింది కాబట్టి మొగ్గల దాకా వెళ్లినవి తక్కువ. నమ్మకం అని ఎందుకు అంటున్నానంటే, ఆకులు తుంచడం కూడా అదే వారంలో జరిగింది, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను.

ఈసారి పద్ధతి మార్చాను. పూత రాకముందే నియోసీలస్ కాలిఫోర్నికస్ అనే మరో రకం మిత్రనల్లి ఉన్న చిన్న సాచెట్లు కొమ్మలకు తగిలించాను. అది నెమ్మది, నల్లి విరగబడితే ఒక్కటే ఆపలేదు. కానీ పొడి గాలిని పర్సిమిలిస్ కంటే బాగా తట్టుకుంటుంది, ఎర్రనల్లి దొరక్కపోతే పుప్పొడి తిని అయినా బతుకుతుంది. పర్సిమిలిస్ సీసా పూత మొదలైన తొలి వారాల్లోనే, తేమ ఇంకా 60 దగ్గర ఉంచగలిగినప్పుడే తెప్పిస్తాను, అదీ సోమవారం బయల్దేరేలా.

కోత వారం రోజుల్లో ఉందనగా నల్లి కనిపించినవాళ్లు నన్నడిగితే మాత్రం ఆ డబ్బుతో మంచి కత్తెర, మూడు బకెట్లు కొనుక్కోమంటాను. నాది బేస్‌మెంట్, చిన్న టెంటు, నాలుగే మొక్కలు, సాయంత్రాలు భూతద్దం పట్టుకు కూర్చునే ఓపిక ఉన్న మనిషిని. గ్రీన్‌హౌస్‌లో, తేమ ఎక్కువుండే చోట పెంచేవాళ్ల లెక్క వేరేగా ఉండొచ్చు. వంటింటి కిటికీలో కరివేపాకు ఉన్నవాళ్లు మాత్రం ఇవేవీ ఆలోచించక్కర్లేదు, కొనేయండి.