శనివారం పేజీ: మా ప్రైమరీ స్కూల్ స్టాఫ్ నోటీసు, నాలుగేళ్ళు వాడినంక

2022 జూన్‌లో బళ్ళు తెరిచినప్పటి నుంచి మా స్కూల్లో ప్రతి శనివారం మధ్యాహ్నం స్టాఫ్ అందరికీ ఒక పేజీ వస్తది. వచ్చే వారం ఏముంది, ఎవరి డ్యూటీ ఎక్కడ, ఏ కాగితం ఎప్పటిలోగా ఇయ్యాలి, అంతే. మలక్‌పేట వైపు చిన్న ప్రైవేట్ స్కూల్ మాది, నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా. టీచర్లు, ఆయమ్మలు, వ్యాన్ డ్రైవర్లు, వాచ్‌మన్ అంతా కలిపి ఇరవై ఆరు మందిమి. నేను రెండో తరగతి చెప్తా. వేరే స్కూళ్ళల్లో పనిచేసే ఫ్రెండ్స్ మీ దగ్గర అది ఎట్ల నడుస్తుంది, మేమూ పెట్టుకుందామా అని అడుగుతున్నరు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా.

అంతకుముందు అన్నీ వాట్సాప్ స్టాఫ్ గ్రూప్‌లోనే. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పూలు, ఎవరిదో బర్త్‌డే, దానికి ఇరవై మంది విషెస్, వాటి మధ్యలో హెచ్ఎం మేడమ్ పెట్టిన అసలు మెసేజ్. కోవిడ్‌కి ముందు ఒక ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్రలు వేసే రోజు జరిగింది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పిల్లలు తిన్నాకనే వేయాలి, నమిలించాలి, జ్వరం ఉన్నోళ్ళకి వేయొద్దు అని మేడమ్ ముందురోజు పెట్టిన మెసేజ్ పైకి వెళ్ళిపోయింది, సగం మంది చూడనే లేదు. పక్క సెక్షన్‌లో రాత్రి నుంచి జ్వరంతో ఉన్న పాపకి కూడా మాత్ర వేసేశారు. పాపకి ఏం కాలేదు, కానీ సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళేదాకా మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చూడని టీచర్ తప్పా అంటే, నిజంగా ఆమె తప్పు అనిపించదు నాకు, ఐదు పీరియడ్లు వరసగా ఉన్న మనిషి ఎనభై మెసేజ్‌లు వెనక్కి పోయి వెతకలేదు కదా.

ఇప్పుడు అదే విషయం పేజీలో ఎట్ల వస్తదో చెప్తా. ఆగస్టు 10 కూడా మాత్రల రోజే కదా, దానికి ముందు శనివారమే కొన్ని లైన్లు ఉంటయి: లంచ్ అయినంక, టీచర్ కళ్ళముందే నమలాలి, ఒంట్లో బాగాలేని పిల్లల లిస్టు ముందే ఆఫీస్‌లో ఇయ్యాలి, ఆ రోజు రానోళ్ళకి తర్వాత పెట్టే మాప్ అప్ డే రోజు వేయాలి, ఏ క్లాసుకి ఏ టీచర్ బాధ్యత. పేరు, టైము, చోటు. ఈ మూడు ఉన్న లైను పని చేస్తది, లేని లైను చేయదు, నాలుగేళ్ళల్లో నేను గమనించింది ఇదే. "అందరూ సహకరించగలరు" అని రాసిన లైను మీద ఒక్కరు కూడా కదలరు. "మంగళవారం 8:20కి గేటు దగ్గర ఫలానా టీచర్" అని ఉంటే ఆ టీచర్ 8:15కే ఉంటది.

మొదట్లో కష్టాలు పడ్డం. ఆఫీస్‌లో ఉన్న పాత కంప్యూటర్‌లో అను ఫాంట్లతో (ఆ ఫాంట్ ఉన్న మెషీన్‌లోనే చదవొచ్చే పాత పద్ధతి) టైప్ చేసి ఫైల్ పంపేవాళ్ళు, మా ఫోన్లలో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వచ్చేవి. తర్వాత ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోకి మారిండ్రు, మేడమ్ ఫోన్‌లోనే తెలుగులో మాట్లాడి టైప్ చేయించి సరిచూసుకుంటది. కొన్నాళ్ళు పొడుగు మెసేజ్‌గా పెట్టారు, అది సగం దాకా కనిపించి మిగతాది చూడాలంటే నొక్కాలి, కింద ఉన్న సంగతులే ఎప్పుడూ మిస్ అయ్యేవి. ఇప్పుడు ఒకే ఒక్క పేజీ, పీడీఎఫ్ చేసి పెట్టి గ్రూప్‌లో పిన్ చేస్తరు, ఇంకో కాపీ ప్రింట్ తీసి హాజరు రిజిస్టర్ పక్కన గోడకి అతికిస్తరు. నన్నడిగితే ఆ గోడ కాపీయే అసలు విషయం. పొద్దున సంతకం పెట్టడానికి అందరం అక్కడికే పోతం, కళ్ళు ఆటోమేటిక్‌గా దాని మీదికి పోతయి. ఒక ఏ ఫోర్ పేపర్ ఖర్చు.

హైదరాబాద్‌లో ఇట్లాంటిది ఇంకా ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం. జూన్ నుంచి దసరా దాకా మాకు ఏ వారం కూడా మామూలు వారం కాదు. బోనాల సోమవారం సెలవు, వినాయక చవితి తర్వాత మూడో రోజు, ఐదో రోజు అంటూ గల్లీ విగ్రహాలు కదులుతుంటే వ్యాన్ రూట్ మార్చాలి, పెద్ద నిమజ్జనం రోజు సెలవు, తర్వాత బతుకమ్మ, దసరా సెలవులు, మధ్యలో పరీక్షలు. వానలకు మూసీ పొంగితే మూసారాంబాగ్ వంతెన మీద రాకపోకలు ఆపేసేవాళ్ళు, అంబర్‌పేట నుంచి వచ్చే టీచర్లు చుట్టూ తిరిగి రావాల్సిందే. అందుకే వానాకాలంలో పేజీ చివర ఒక లైను ఉంటది, పొద్దున ఫలానా ముగ్గురిలో ఎవరైనా రాలేకపోతే ఆ క్లాసు ఎవరు చూసుకోవాలో. సబ్‌స్టిట్యూషన్ గురించి పొద్దున్నే జరిగే గొడవలు దీంతో చాలావరకు పోయినయి, ముఖం మీద చిరాకు లేకుండా క్లాసులోకి పోతున్నం, పిల్లలకి ఆ తేడా తెలుస్తది.

మార్చి 15 దాటాక ఒంటిపూట బడులు వచ్చినప్పుడు కూడా బాగా పనికొచ్చింది, టైమింగ్స్, పీరియడ్లు, వ్యాన్ ట్రిప్పులు అన్నీ ఒకేసారి మారుతయి కదా. అపార్ ఐడీ (ప్రతి విద్యార్థికి ఇచ్చే సొంత ఐడీ నంబరు) పని నడిచినప్పుడు ఆధార్‌లో పేరు, మన రిజిస్టర్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించండి, తల్లిదండ్రుల సంతకం ఉన్న ఫారం లేకుండా ఎంట్రీ చేయొద్దు అని మూడు వారాలు వరసగా పెట్టారు. మొదటి వారం ఎవరం పట్టించుకోలేదు, మూడో వారానికి నా క్లాసులో నలుగురి పేర్లు తేడా ఉన్నట్టు బయటపడింది.

లోపాలు లేవా అంటే ఉన్నయి. పరీక్షల సీజన్‌లో పేజీ ఆదివారం రాత్రి పదికి వచ్చిన సందర్భాలు ఉన్నయి, అప్పుడు సోమవారం కోసం ఏదో తెమ్మంటే ఎక్కడి నుంచి తేవాలి? తేదీ మారితే ఇంకో చిక్కు. పాత పీడీఎఫ్ ఫోన్లలో అట్లనే ఉంటది, కొత్తది వచ్చినా కొందరు పాతదే చూసుకుంటరు, రంజాన్ సెలవు నెలవంకను బట్టి ఉంటది కాబట్టి అక్కడ ఒకసారి బాగా తికమక అయింది. ఇప్పుడు మారిన పేజీ మీద "మార్చినది" అని పెద్దగా రాసి, గోడ మీది పాతది చింపేస్తున్నరు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మాత్రం వేరే. రెండో ఏడు ఒక వారం ఫీజు కట్టని పిల్లల పేర్లు ఆ పేజీలో పెట్టారు, క్లాస్ టీచర్లు గుర్తుచేయాలని. ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు, అది పేరెంట్స్ గ్రూప్‌లోకి పోయింది. ఒక తండ్రి స్కూలుకి వచ్చి ఏం అరవలేదు, పిల్లాడి చెయ్యి పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడ్డడు. ఆ సోమవారం స్టాఫ్ రూమ్‌లో అందరం కలిసి మేడమ్‌తో మాట్లాడినం. అప్పటి నుంచి పేజీలో పిల్లల పేర్లు రావు. ఎవరికన్నా పల్లీలు పడవన్నా, ఇంట్లో ఏదైనా కష్టం జరిగిందన్నా క్లాస్ టీచర్‌ని పిలిచి నోటితో చెప్తరు. మీరు మొదలుపెట్టేటట్టయితే ఈ రూలు మొదటి రోజే పెట్టుకోండి దయచేసి.

ఐదుకి నాలుగు ఇస్తా. ఆ తగ్గించిన ఒకటి ఎందుకంటే, చాలా రోజులు ఈ పేజీ చదవగలిగిన వాళ్ళకి మాత్రమే వచ్చింది. మా ఆయమ్మల్లో ఇద్దరికి చదువు రాదు, ఉర్దూ చెప్పే మేడమ్‌కి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవటం నిదానం. నులిపురుగుల మాత్రల రోజు నీళ్ళు పట్టుకుని క్లాసు క్లాసు తిరిగేది ఆయమ్మే, ఆమెకే సంగతి తెలియదు! పోయిన జూన్ నుంచి మా హిందీ సార్ పేజీ మొత్తాన్ని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి వాయిస్ మెసేజ్ చేసి పెడుతున్నడు, రెండూ కలిపి నాలుగు నిమిషాలు. ఆయమ్మల డ్యూటీలు కూడా ఇప్పుడు పేరు పెట్టి వస్తున్నయి. మొదటి వారం ఒక ఆయమ్మ గోడ దగ్గర నన్ను ఆపి "నా పేరు ఏడుంది టీచరమ్మా" అని అడిగింది, చూపించిన. ఇప్పుడు తనే వేలు పెట్టి కొత్త ఆయమ్మకి చూపిస్తది.