ఓబేదా, ఆసాపా? చెల్లెలి కొడుక్కి ఏ పేరు మేలు?

మా చెల్లెలికి బాబు పుట్టి మూడు వారాలైంది. బైబిల్ పేరే కావాలి, కానీ ప్రతి చర్చిలో నలుగురైదుగురు ఉండే డేవిడ్, శామ్యూల్ వద్దు అంది. ఏతాను అనుకున్నాం గానీ, ఈథన్ రూపంలో అదిప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. చివరికి ఆసాపు, ఓబేదు మిగిలాయి. బైబిల్లో రెండూ ఒక్కరి పేర్లు కావు. అందుకే ఒక్కొక్కరినీ వెతికి చదివాను.

బావగారిది ఆసాపు పక్షం. ఆయన చర్చిలో కీబోర్డు వాయిస్తారు మరి. దావీదు కాలంలో కంచు తాళాలు వాయించిన లేవీయుడు (గుడి సేవ చేసే గోత్రంవాడు), బెరక్యా కొడుకు ఆసాపు. కీర్తనల్లో 50వది, 73 నుంచి 83 వరకు, మొత్తం 12 అతని పేరు మీద ఉన్నాయి. ఇంకో ఆసాపు, హిజ్కియా రాజు దగ్గర దస్తావేజులు చూసిన యోవాహు తండ్రి. మరో ఆసాపు పారసీక రాజు అడవుల కాపరి. యెరూషలేమును మళ్లీ కట్టే పనికి అతని దగ్గర మాను తెచ్చుకోవడానికి, రాజు కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యా ఆ రాజు చేతే ఉత్తరం రాయించుకున్నాడు.

పేరుకి అర్థం పోగుచేసేవాడు, కూర్చేవాడు. హీబ్రూలో పంట కూర్చుకునే పండుగ పేరు కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. మనకి ఇది మరీ కొత్త పేరు కూడా కాదు. ముస్లింల సంప్రదాయంలో సులేమాన్ (మన సొలొమోను) మంత్రి ఆసఫ్ బిన్ బర్ఖియా. అక్కడా తండ్రి పేరు అదే, చూడండి. హైదరాబాద్ నిజాంల ఆసఫ్ జా బిరుదు ఆ మంత్రి పేరు మీదే వచ్చింది. కాబట్టి పలకడానికి ఎవరూ తడబడరు.

నా మనసు మాత్రం ఓబేదు దగ్గరే ఆగిపోయింది. అర్థం సేవించేవాడు. ఈ పేరున్నవాళ్లు ఐదుగురు కనిపిస్తారు. ఒకరు దావీదు శూరుల పట్టికలో, మరొకరు ద్వారపాలకుల వంశంలో. ఇంకొకరు అజర్యా తండ్రి. రాణి అతల్యాను దించి ఏడేళ్ల యోవాషును రాజుగా నిలబెట్టిన శతాధిపతుల్లో ఆ అజర్యా ఒకడు. నాలుగో ఓబేదు గురించి చదివి చాలాసేపు ఆలోచించాను. కొడుకులు లేని షేషాను తన కూతురిని ఐగుప్తు దాసుడు యర్హాకి ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ వంశంలో ఐదో తరం వాడు ఈ ఓబేదు. దాసుడి ఇంట పుట్టినవాడికి సేవించేవాడని పేరు!

ఇక ఐదో ఓబేదు, రూతు కొడుకు. దావీదుకి తాత. అతనికి పేరు పెట్టింది తండ్రి బోయజు కాదు, తల్లి రూతు కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు. భర్తనీ ఇద్దరు కొడుకులనీ పోగొట్టుకుని ఉత్త చేతులతో ఊరికి తిరిగొచ్చిన రూతు అత్త నయోమి ఒళ్లో బిడ్డని చూసి, నయోమికి కొడుకు పుట్టాడు అన్నారు వాళ్లు. మా చెల్లెలి మామగారు పోయి ఏడాది కాలేదు. అత్తగారు అప్పట్నుంచీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు బాబుకి నూనె రాసేదీ నీళ్లు పోసేదీ ఆవిడే. ఈ ఇంటికి ఓబేదు కంటే సరిపోయే పేరు నాకు తోచలేదు.

ఇబ్బందులు లేవని కాదు. బైబిల్లోని దిన వృత్తాంతాల గ్రంథాల్లోనే ఓదేదు అనే వేరే పేరుంది, అతనికీ అజర్యా అనే కొడుకున్నాడు. రికార్డుల్లో ఒక్క అక్షరం తప్పినా మనిషి మారిపోతాడు. పైగా మాది కర్నూలు వైపు. అహోబిలం చుట్టుపక్కల ఓబులేసులు, ఓబులమ్మలు బోలెడు మంది. బడిలో అందరూ వీణ్ణి ఓబులేసు అంటారేమోనని చెల్లికి టెన్షన్. నాకైతే అది లోటుగా అనిపించలేదు. మన నేలకి అలవాటైన శబ్దమే కదా అన్నాను.

ఆసాపు మంచి పేరే. పాటలు పాడే ఇల్లు కాబట్టి రెండోవాడు పుడితే అదే పెట్టమని బావగారికి చెప్పాను. వీడికి మాత్రం ఓబేదు. జనన ధ్రువపత్రంలో ఓబెద్ అని రాయిద్దామన్నారు. వద్దు, తెలుగు బైబిల్లో ఉన్నట్టే ఓబేదు అని ఉండనివ్వండి అన్నాను.