సర్జాపూర్ రోడ్డు టర్ఫ్ మైదానం, వారాంతపు ఫుట్‌బాల్ లీగ్: మ్యాచ్ తరువాతి వీడియో పరిశీలన గురించి

రెండు సీజన్లుగా మా జట్టు ఈ మైదానం వారు నడిపే, జట్టుకు ఏడుగురు ఆడే లీగులో ఆడుతోంది. అనంతపురం, హిందూపురం, నెల్లూరు వైపుల నుంచి ఉద్యోగాలకు బెంగళూరు వచ్చి బెళ్లందూరు చుట్టుపక్కల ఉంటున్న 14 మందిమి కలిసి కట్టుకున్న జట్టు మాది. కృత్రిమ గడ్డి, ఫ్లడ్‌లైట్లు, పార్కింగు వంటివి ఈ ప్రాంతంలోని తక్కిన టర్ఫ్‌లలో ఉన్నట్టే ఉన్నాయి కాబట్టి వాటి గురించి రాయను. నేను రాయదలచినది, ప్రతి మ్యాచ్‌నూ వీడియో తీసి, రిఫరీ కంటపడకుండా పోయిన తీవ్రమైన తప్పుకు ఆట ముగిశాక శిక్ష వేసే ఏర్పాటు గురించి. ఫిర్యాదు 48 గంటల్లోగా పంపాలి, తప్పు ఏ నిమిషంలో జరిగిందో చెప్పాలి, వీడియో చూసి తీర్పు చెప్పే సంఘంలోని ముగ్గురు సభ్యులూ ఏకాభిప్రాయానికి వస్తేనే నిషేధం పడుతుంది. దీని ఖర్చు జట్టు రుసుములోనే కలిసి ఉంటుంది.

మొదటి సీజన్‌లో ఒక సాయంత్రం మేము కార్నర్ కిక్‌ను ఎదుర్కొంటుండగా, బంతికి చాలా దూరంలో నిలబడిన మా డిఫెండర్‌ను ఎదుటి జట్టు ఆటగాడు మోచేత్తో కొట్టాడు. రిఫరీ బంతి వైపు చూస్తున్నాడు. ఇందులో ఆయనను తప్పుపట్టలేము, ఎందుకంటే ఈ లీగులో లైన్ రిఫరీలు ఉండరు, ఒక్క మనిషే మైదానమంతా చూడాలి. కనుబొమ చిట్లి ఆరు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో ఆ తమ్ముడు, ‘అన్నా, దెబ్బ ఎటునుంచి వచ్చిందో కూడా తెలియలేదు’ అన్నాడు. మ్యాచ్ ఓడిపోయాము. నాలుగో రోజున వీడియో చూసిన సంఘం ఆ ఆటగాడికి నాలుగు మ్యాచ్‌ల నిషేధం విధించింది.

అప్పుడు నాకు 1994 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ గుర్తుకు వచ్చింది. ఇటలీ డిఫెండర్ మౌరో టస్సొట్టి పెనాల్టీ ప్రాంతంలో స్పెయిన్ ఆటగాడు లూయిస్ ఎన్రికే ముఖంపై మోచేత్తో కొడితే ముక్కు నుంచి నెత్తురు కారింది, రిఫరీ శాండోర్ పుల్ మాత్రం దానిని చూడలేదు. ఇటలీ 2-1తో గెలిచింది. తరువాత ఫిఫా వీడియో ఆధారంగా టస్సొట్టిని 8 మ్యాచ్‌లకు నిషేధించింది గానీ, స్పెయిన్‌కు ఆ క్వార్టర్ ఫైనల్ తిరిగి రాలేదు. 2014 ప్రపంచ కప్‌లో, బ్రెజిల్‌లోని నాటాల్‌లో ఉరుగ్వే ఆటగాడు లూయిస్ సువారెజ్ ఇటలీ డిఫెండర్ కియెల్లిని భుజాన్ని కొరికినప్పుడూ రిఫరీకి కనిపించలేదు. 9 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 4 నెలలు అన్ని రకాల ఫుట్‌బాల్‌కూ దూరం అన్న శిక్ష తరువాత పడింది. ఆ మ్యాచ్‌లో 0-1తో ఓడిన ఇటలీ టోర్నీ నుంచే వెళ్లిపోయింది. సువారెజ్ లేని ఉరుగ్వేను తరువాతి రౌండ్‌లో 2-0తో ఓడించినది కొలంబియా. మా విషయంలోనూ అంతే జరిగింది. నిషేధం నడిచిన నాలుగు వారాల్లో ఆ జట్టుతో ఆడిన నాలుగు జట్లలో రెండు పట్టికలో మాతో పోటీపడుతున్నవి. దెబ్బ తిన్నది మేము, వెసులుబాటు దొరికింది ఆ జట్లకు.

అయినా ఈ ఏర్పాటు ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంతకుముందు మేము ఆడిన మరో లీగులో రిఫరీ చూడని దెబ్బకు జవాబు మైదానంలోనే, మరో దెబ్బతో ఇచ్చేవారు. ఒకసారి అది రెండు జట్ల మధ్య పార్కింగు స్థలం దాకా సాగింది. ఇక్కడ ఆ తమ్ముడికి కుట్లు పడ్డ రాత్రి మా వారెవరూ ప్రతీకారం మాట ఎత్తలేదు, ఎందుకంటే వీడియో ఉందని అందరికీ తెలుసు. 2018 ప్రపంచ కప్ నుంచి పెద్ద పోటీలలో వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయపడే సహాయ రిఫరీలు) సాయంతో ఆట నడుస్తుండగానే రెడ్ కార్డు ఇచ్చి ఆటగాడిని బయటకు పంపే వీలు కలిగింది గానీ, అంతటి యంత్రాంగం అద్దె టర్ఫ్‌లకు అందేది కాదు. మా వంటివారికి మ్యాచ్ తరువాతి పరిశీలనే దిక్కు.

నా అభ్యంతరం రెండో సీజన్‌లో జరిగిన దాని గురించి. మా మిడ్‌ఫీల్డర్ ఆలస్యంగా కాలు అడ్డుపెట్టి ఒకరిని పడగొట్టాడు. అది తప్పే, నేను సమర్థించడం లేదు. రిఫరీ పది అడుగుల దూరం నుంచి చూసి హెచ్చరికగా ఎల్లో కార్డు చూపించాడు. మూడు రోజుల తరువాత సంఘం అదే ఫౌల్‌కు రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. రిఫరీ చూసి తేల్చిన దానిని మళ్లీ తెరవడానికి చాలా పెద్ద కారణం ఉండాలి. 2006లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు బెన్ థాచర్ మోచేతి దెబ్బకు పోర్ట్స్‌మౌత్ ఆటగాడు పెడ్రో మెండెస్ స్పృహ తప్పాడు. రిఫరీ అక్కడ ఎల్లో కార్డుతోనే సరిపెట్టినా, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ దానిని అసాధారణమైన కేసుగా తీసుకుని 8 మ్యాచ్‌ల నిషేధం విధించింది. మా మిడ్‌ఫీల్డర్ ఫౌల్ ఆ కోవలోనిది కాదు. పడినవాడు లేచి ఆట పూర్తి చేశాడు. పైగా ఈ పరిశీలన దేనికో చెప్పే చోట లీగు నియమావళిలోనే ‘రిఫరీ చూడని తప్పులు’ అని రాసి ఉంది.

తీర్పు వచ్చిన తీరు కూడా నన్ను బాధించింది. ఆటగాడిని ఒక్క మాట అడగకుండా వాట్సాప్‌లో సందేశం పంపారు. తీర్పు ఇచ్చిన ముగ్గురిలో ఒకరు అదే లీగులో మరో జట్టుకు ఆడుతున్నారు. 2017 నుంచి ఇంగ్లండ్‌లో, కావాలని పడిపోయి పెనాల్టీ సంపాదించిన ఆటగాళ్లపై చర్య తీసుకునేటప్పుడు ఒక మాజీ రిఫరీ, ఒక మాజీ మేనేజర్, ఒక మాజీ ఆటగాడు వీడియోను పరిశీలించే పద్ధతి పెట్టారు. బెంగళూరులో ఆస్టిన్ టౌన్ వంటి పాత ఫుట్‌బాల్ పేటలలో ఆట మానేసిన అనుభవజ్ఞులకు కొరత లేదు, వారిలో ఒకరిద్దరిని పిలిస్తే సరిపోతుంది.

వీడియో నాణ్యత మధ్యస్థం. సెంటర్ లైన్ దగ్గర స్తంభానికి కట్టిన ఒకే కెమెరా కావడంతో రెండు చివరలా జెర్సీ నంబర్లు ఆనవు. మా డిఫెండర్ కేసులో కొట్టినవాడు పొడగరి కాబట్టి గుర్తుపట్టగలిగారు.

నిర్వాహకులను మూడు విషయాలు రాతపూర్వకంగా కోరాను: రెండో కెమెరా, లీగులో ఆడని సభ్యులతో సంఘం, శిక్షకు ముందు ఆటగాడి వివరణ. కెమెరా దసరా తరువాత పెడతామన్నారు. మిగతా రెండింటికీ ఇంకా జవాబు రాలేదు. మూడో సీజన్‌కు మా జట్టు రుసుము కట్టింది.