.32లో ఏది మేలు: రివాల్వర్ తూటానా, పిస్టల్ తూటానా?

మా మేనల్లుడు పర్లాకిమిడిలో జీడిపప్పు వ్యాపారి. సంత రోజుల్లో డబ్బు సంచితో చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. తుపాకీ లైసెన్సు చేతికొచ్చిన సాయంత్రమే నా దగ్గరకు వచ్చాడు. "మామయ్యా, మీరు పటాలంలో ఇరవై ఏళ్లు చేశారు కదా, ఏ తూటా మంచిది?" అని అడిగాడు.

వాడి మనసు 9 ఎం.ఎం. తూటా మీద ఉంది. ఈ అంకెలు గుండు అడ్డుకొలతలు; .22, .32 అంటే అంగుళాల్లో. ముందు ఆ మాట మరిచిపొమ్మన్నాను. 1902లో పుట్టిన ఆ తూటా బలానికి వంక పెట్టలేం. సుమారు ఎనిమిది గ్రాముల గుండు సెకనుకు 350 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. కానీ మన దేశంలో అది నిషిద్ధ బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత). కలెక్టరు ఆఫీసులో ఇచ్చే మామూలు లైసెన్సు మీద దొరకదు.

.22 సంగతి కూడా తొందరగానే తేలిపోయింది. ఇషాపూర్‌లో తయారయ్యే 'నిడర్' రివాల్వర్ బరువు 250 గ్రాములే, జేబులో ఉన్నట్టే తెలియదు. చేతికి కుదుపు తక్కువ, గురి నేర్చుకోవడానికి దానికి మించింది లేదు. అయితే ఆ తూటాలో నిప్పు రగిలించే మందు అడుగు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది. ఎక్కడైనా పలచబడితే సుత్తి పడుతుంది, తూటా పేలదు. గుండు కూడా రెండున్నర గ్రాములే. ప్రాణం మీదకు వచ్చినప్పుడు దాన్ని నమ్ముకోమని నేను చెప్పను.

ఇక మిగిలింది .32. తిరకాసంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆ పేరుతో తూటాలు రెండున్నాయి. బరంపురంలో తుపాకుల దుకాణం యజమాని రెండింటినీ గాజు బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు. ఒకటి పొడుగ్గా ఉంది, కొసన మసక రంగు సీసపు గుండు, అడుగున వెడల్పాటి అంచు. అది 1896 నాటి రివాల్వర్ తూటా. రెండోది పొట్టిది, గుండుకు మెరిసే లోహపు తొడుగు. 1899లో బ్రౌనింగ్ పిస్టల్‌తో వచ్చింది. ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. పెట్టె కొనేటప్పుడు 32 అంకె చూసి సరిపెట్టుకోవద్దు.

పొడుగు తూటాలో గుండు ఆరు గ్రాముల పైచిలుకు, నడక నెమ్మది, సెకనుకు సుమారు 215 మీటర్లు. పొట్టిదానిలో నాలుగున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, వేగం 275 మీటర్ల దరిదాపు. లెక్క కడితే పొట్టిదానిదే కొంచెం పైచేయి. కానీ రెండింటి శక్తీ కలిపినా ఒక్క 9 ఎం.ఎం. పాటి చేయదు. అందుకే తూటా బలం చూసి ఎంచుకోవడం ఇక్కడ దండగ. అది ఏ తుపాకీలో పేలుతుందో చూడాలి.

రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే మీట మళ్లీ నొక్కితే చాలు, తర్వాతిది ముందుకొస్తుంది. పిస్టల్‌లో అయితే రెండో చేత్తో పైభాగాన్ని వెనక్కి లాగాలి. వాడి రెండో చేతిలో డబ్బు సంచి ఉంటుంది కదా! పైగా పొట్టి తూటాకు చిన్న అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో, అంటే పిస్టల్ పిడిలో దూర్చే తూటాల డబ్బాలో, సరిగా పేర్చకపోతే పైదాని అంచు కిందిదానికి తట్టుకుని ఇరుక్కుంటుంది. పిస్టల్ పలచగా నడుముకు అంటుకుపోతుంది, మీట తేలిక, ఆ సుఖాలను కాదనను. రివాల్వర్ మీట బరువు. మొదటి రోజు మావాడు కాల్చినవన్నీ గురికి కిందే తగిలాయి.

"పిస్టల్‌లో రెండు మూడు ఎక్కువ పడతాయి, ఇందులో ఆరే కదా మామయ్యా" అన్నాడు.

"ఏడోది కావలసి వచ్చిందంటే సంచి వదిలేసి పరుగెత్తు" అన్నాను.

చివరికి కాన్పూరులో తయారయ్యే అర కిలో 'నిర్భీక్' రివాల్వర్ తీసుకున్నాడు. తూటాలను తోలు పట్టీలో దోపుకుని తిరుగుతుంటే నేనే తీయించాను. మన వానాకాలంలో తోలు తగిలిన ఇత్తడికి నెల తిరక్కుండానే పచ్చని చిలుము పడుతుంది. అవసరానికి మించి హాని చేసే హక్కును చట్టం ఇవ్వదని కూడా కూర్చోబెట్టి చెప్పాను.

మొన్న పాతపట్నం వసూళ్లకు బయలుదేరుతూ దాన్ని నడుముకు కట్టుకోబోయాడు. లైసెన్సు తీసి చూపించాను. అది చెల్లేది ఒడిశాలోనే. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్ర. రివాల్వర్ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. గుమాస్తాను వెంటబెట్టుకుని, పొద్దు వాలకముందే తిరిగొచ్చాడు.