ఏడేళ్లుగా యోగసూత్రాలు చదువుతున్న ఒక యోగా టీచర్ సమీక్ష

"సూర్య నమస్కారాలు ఏ సూత్రంలో ఉన్నాయి మేడమ్?" అని ఒకరోజు పొద్దుటి బ్యాచ్‌లో ఓ రిటైరైన లెక్కల మాస్టారు అడిగారు. అప్పటికి నాలుగేళ్లుగా నేర్పిస్తున్నాను. ఆ ముందు నిమిషమే "ఇవి పతంజలి చెప్పినవి, ఐదు వేల ఏళ్ల నాటివి" అని ధీమాగా చెప్పాను. చూసి చెప్తానని తప్పించుకున్నాను. నేను చేసిన టీచర్ ట్రైనింగ్‌లో చరిత్ర, తత్వం రెంటికీ కలిపి ఒక్క మధ్యాహ్నం, అదీ భోజనాలయ్యాక. సగం మందిమి కునుకు తీశాం. అలా మొదలైన చదువుకి ఇప్పుడు ఏడేళ్లు.

పతంజలి యోగసూత్రాలు 195, కొన్ని ప్రతుల్లో 196. ఆసనం ఎలా ఉండాలో చెప్పేవి మూడే, రెండో పాదంలో, అంటే రెండో అధ్యాయంలో, 46 నుంచి 48 వరకు. సూర్య నమస్కారాలు లేవు, త్రికోణాసనం లేదు. సరే, హఠయోగ ప్రదీపికలో ఉంటాయనుకున్నాను. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన ఆ గ్రంథంలో వర్ణించిన ఆసనాలు 15. నిలబడి చేసేది ఒక్కటీ లేదు. పైగా ఒంటిని హింసపెట్టే పనులు మానమన్న శ్లోకం దగ్గర, 19వ శతాబ్దపు వ్యాఖ్యాత బ్రహ్మానందుడు ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఏమిటో తెలుసా? అదే పనిగా సూర్య నమస్కారాలు చేయడం! ఇది చెబితే మాస్టారు పడీపడీ నవ్వారు.

సూర్య నమస్కారాలను వ్యాయామంగా 1920ల్లో బాగా ప్రచారం చేసినవాడు ఇప్పటి మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు. మనం నేర్పే నిలబడి చేసే ఆసనాలు చాలావరకు 1930ల్లో మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగా గురువు కృష్ణమాచార్య నడిపిన యోగశాల మీదుగా వచ్చాయి. ఈ మాట క్లాసులో చెప్పాక ఇద్దరు మానేశారు. "మీరే ఇలా అంటే ఎలాగమ్మా" అని ఒక పెద్దావిడ నొచ్చుకున్నారు కూడా. ఈ చదువు వల్ల ఫీజు పెరగదు, ముందే చెప్తున్నాను.

తత్వం ఇంకా కష్టం. యోగమంటే జీవాత్మ, పరమాత్మల కలయిక అని చెప్పేదాన్ని. యోగసూత్రాల పాత వ్యాఖ్యానం వ్యాసభాష్యం మొదటి సూత్రం దగ్గరే "యోగః సమాధిః", యోగమంటే సమాధి అంటుంది. పతంజలి చెప్పే కైవల్యం, అంటే ముక్తి, కలవడం కాదు, పురుషుడు (చైతన్యం) ప్రకృతి నుంచి విడిపడటం. ఇంట్లో అంతా ఒకటేననే అద్వైతం వింటూ పెరిగినదాన్ని, ఆ రెండూ వేరనే ఈ సాంఖ్య దర్శనం మింగుడు పడటానికి రెండేళ్లు పట్టింది. తెలుగు వ్యాఖ్యానాల గ్రాంథికం ఒక ఇబ్బందైతే, కొన్నిట్లో సాంఖ్యాన్ని కూడా వేదాంతంలోకి వంచేయడం ఇంకో ఇబ్బంది.

మరి ఎందుకు వదల్లేదంటే, ఒక్క 47వ సూత్రం కోసం. "స్థిరసుఖమాసనమ్" మా హాలు గోడ మీద ఎప్పటినుంచో ఉంది. అది 46వది. దాని తర్వాతిదైన ఈ 47వ సూత్రంలో "ప్రయత్న శైథిల్యం", అంటే ప్రయత్నాన్ని సడలించడం అని ఉందని నాకు తెలియదు. కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో నేర్చుకునేవాళ్ల వీపు మీద చేయి వేసి నొక్కే అలవాటు ఉండేది నాకు. అది చదివిన వారం నుంచి మానేశాను. మోకాళ్లు కొంచెం మడిచినా ఏమీ అనను.

ఇంకో లాభం, శ్రీశైలం కొత్తగా కనిపించింది. గుడి ప్రాకారం గోడ రాళ్ల మీద సిద్ధులు, ఆసనాల్లో ఉన్న యోగులు చెక్కి ఉన్నారు. ఎన్నిసార్లు ప్రసాదం పొట్లం పట్టుకుని ఆ గోడ పక్కనే నడిచానో! కవి గౌరన నాథయోగుల కథలైన నవనాథ చరిత్రను ద్విపదలో రాసింది కూడా అక్కడి మఠాధిపతి కోసమే. నాటకాల్లో చూసిన సారంగధరుడు అందులో నాథయోగిగా కనిపించేసరికి చుట్టం దొరికినట్టయింది.

మూడో పాదం మాత్రం ఇంకా కొరుకుడు పడలేదు. పరకాయ ప్రవేశం, ఆకాశ గమనం... వాటి సంగతేమిటని మాస్టారు మొన్న మళ్లీ అడిగారు. చూసి చెప్తానన్నాను.